ఎంఓయూలు బోలెడు, సాంపిల్ మాత్రం కదలలేదు: స్మార్ట్ మెటీరియల్స్‌లో ఉమ్మడి పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

సీమ_ఫిజిక్స్

అందరికీ నమస్కారం. రాయలసీమలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నా దగ్గర ఇద్దరు పీహెచ్‌డీ స్కాలర్లు ఉన్నారు. పీవీడీఎఫ్ అనే పాలిమర్‌లో జింక్ ఆక్సైడ్ నానో రేణువులు కలిపి, ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో సన్నటి దారాల పొర తీస్తున్నాం. నొక్కితే కరెంటు పుట్టే పీజో రకం. బయటి మార్పుకు స్పందించే ఇలాంటి పదార్థాలనే స్మార్ట్ మెటీరియల్స్ అంటారు. దీన్ని షుగర్ పేషెంట్ల చెప్పుల్లో పెట్టి, అరికాల్లో ఎక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతోందో చూడాలన్నది ఆలోచన. మా ఊళ్లో మెడికల్ కాలేజీ ఉంది. కాలి పుండ్లతో వచ్చేవాళ్లకు అక్కడ కొదవ లేదు.

ల్యాబ్‌లో ఏమున్నాయంటే, హై వోల్టేజ్ సప్లై, సిరంజి పంపు పెట్టి మేమే కట్టుకున్న ఎలక్ట్రోస్పిన్నింగ్ సెటప్, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాన్ని పరీక్షించే ఎఫ్‌టీఐఆర్, యూవీ స్పెక్ట్రోమీటర్. స్ఫటిక నిర్మాణం చూసే ఎక్స్ఆర్‌డీ ఉంది కానీ ఏసీ చెడిపోతే అదీ ఆగిపోతుంది. ఎస్ఈఎం, టీఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు, ఏఎఫ్ఎం, నొక్కితే ఎంత చార్జ్ పుడుతుందో కొలిచే డీ33 మీటర్ ఏవీ లేవు.

పైవాళ్లు 'కొలాబరేషన్ పెంచండి' అంటున్నారు. అంటే ఎంఓయూలు, సంస్థల మధ్య అవగాహన ఒప్పందాలు. శాలువాలు కప్పాం, ఫోటోలు దిగాం, పేపర్లో వచ్చింది. ఇంతవరకు ఒక్క సాంపిల్ కూడా ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లలేదు, అక్కడి నుంచి ఒక్క మనిషీ ఇక్కడికి రాలేదు. నిజంగా పని జరిగే ఉమ్మడి పరిశోధన ఎలా కట్టుకోవాలి? ముందు పరికరమా, ప్రాజెక్టా, మనిషా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హనుమకొండ_స్కాలర్

సార్, ముందు మీ స్కాలర్లతో ఐఎన్‌యూపీకి అప్లై చేయించండి. ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్. 2008లో బెంగళూరు ఐఐఎస్‌సీలో, ఐఐటీ బాంబేలో మొదలైంది. డబ్బు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖది. తర్వాత 'ఐడియా టు ఇన్నోవేషన్' అని కొత్త రూపంలో ఐఐటీ మద్రాస్, ఢిల్లీ, ఖరగ్‌పూర్, గువాహటి కూడా చేరాయి.

ఇందులో మెట్లు ఉంటాయి. మొదటిది పరిచయ వర్క్‌షాప్. తర్వాత క్లీన్‌రూమ్‌లోకి దిగి మన చేత్తో చేసే శిక్షణ. ఆ తర్వాత మన ఐడియా రాసి పంపితే, నచ్చితే ప్రాజెక్టు. చాలామంది వర్క్‌షాప్ సర్టిఫికెట్ తీసుకుని అక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి మూడో మెట్టులో ఉంది.

నేను వెళ్లినప్పుడు అన్నిటికన్నా పనికొచ్చింది ఏంటంటే, నా పొర మీద ఎలక్ట్రోడ్ ఎందుకు ఊడిపోతోందో అక్కడ ఒక పోస్ట్‌డాక్ అన్న చూడగానే చెప్పేశాడు. మా ల్యాబ్‌లో నెలల తరబడి అదే తల్నొప్పి. ఆయన పేరు ఏ ఎంఓయూలోనూ లేదు.

కంచన్‌బాగ్_రిటైర్డ్

నేను లోహాల మనిషిని, పాలిమర్లు అంతగా తెలియవు. కానీ ఉమ్మడి పరిశోధన అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పదార్థాల పరిశోధన కేంద్రం పేరులో 'ఇంటర్నేషనల్' అని ఎందుకుందో ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. అది పుట్టిందే ఇంకో దేశంతో కలిసి పనిచేయడానికి. సోవియట్ యూనియన్‌తో మాటలు మొదలయ్యాయి, ఆ దేశమే విడిపోయింది. అయినా రష్యా, ఉక్రెయిన్, బెలారస్‌లతో సంబంధం నిలబెట్టుకున్నారు. ఆ రోజుల్లో కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) కార్యదర్శిగా ఉన్న పల్లె రామారావు గారి పూనిక అందులో చాలా ఉంది. ఉక్రెయిన్ నుంచి డిటోనేషన్ స్ప్రే కోటింగ్ టెక్నాలజీ వచ్చింది. పేలుడు ఉరవడితో పౌడర్‌ని లోహం మీదికి కొట్టి అరగని పూత వేసే పద్ధతి. యంత్రం తెచ్చుకుని ఊరుకోలేదు. ఏ భాగానికి ఏ పౌడర్, ఎంత మందం అన్నది ఇక్కడ కూర్చుని తేల్చుకున్నారు. ఆ తర్వాతే దేశంలోని చిన్న పారిశ్రామికవేత్తలకు అప్పజెప్పారు. నానో సిల్వర్ పూసిన సెరామిక్ క్యాండిల్ వాటర్ ఫిల్టర్ కూడా అక్కడి నుంచే బయటికి వచ్చింది.

స్మార్ట్ మెటీరియల్స్‌కి కూడా మన దగ్గర పాత చరిత్రే ఉంది. 2000 ప్రాంతంలో స్మార్ట్ మెటీరియల్స్ జాతీయ కార్యక్రమం పెట్టారు. 2007 నుంచి మైక్రో అండ్ స్మార్ట్ సిస్టమ్స్ పేరుతో రెండోది. రెండింటి వెనుకా డీఆర్‌డీఓ మాజీ అధిపతి వి.కె. ఆత్రే గారు ఉన్నారు. పదుల కాలేజీల్లో మెమ్స్ (అతి చిన్న యాంత్రిక, విద్యుత్ పరికరాలు) డిజైన్ సెంటర్లు పెట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. నేను చూసినచోట సంగతి ఒకటే. దాన్ని పట్టుకుని కూర్చున్న మాస్టారు ఉన్న కాలేజీలో పని జరిగింది, ఆయన బదిలీ అయిన కాలేజీలో గదికి తాళం పడింది.

ఎంఓయూ అంటారా, అది పెళ్లిచూపుల ఫోటో లాంటిది బాబూ. సంసారం వేరే.

బ్యాక్‌బెంచ్_కెమిస్ట్రీ

ఒక చేదు మాట అడుగుతాను. 2007లో నానో మిషన్‌కి ఐదేళ్లకు 1,000 కోట్లు కేటాయించారు. పేపర్ల లెక్కలో దేశం ముందు వరుసలోకి వచ్చింది, ఒప్పుకుంటాను. ఏ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లినా 'జింక్ ఆక్సైడ్ నానో పార్టికల్స్, వేపాకు రసంతో గ్రీన్ సింథసిస్' అని ఒక థీసిస్ దొరుకుతుంది. తులసి, మునగ, జామ... ఇంకా ఏ ఆకు మిగిలిందో. వాటిలో ఒక్కటైనా ల్యాబ్ గడప దాటిందా? ఇప్పుడు కొలాబరేషన్ అంటే ఇద్దరు గైడ్లు కలిసి ఇంకో ఆకు రసం వేయడమేగా?

ఎస్ఈఎం_గది

పై కామెంట్ చూసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఆకు రసాల సాంపిల్స్ అన్నీ వచ్చేది నా దగ్గరికే. ఒక సెంట్రల్ ఫెసిలిటీలో టెక్నికల్ ఆఫీసర్‌ని, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నా డ్యూటీ.

సీమ_ఫిజిక్స్ గారూ, 'ముందు పరికరమా, మనిషా' అన్నారు. నా మాట వినండి. సాంపిల్ పంపకండి, స్టూడెంట్‌ని పంపండి.

కొరియర్‌లో వచ్చే సాంపిల్ ఎలా ఉంటుందో తెలుసా? ఎపెన్‌డార్ఫ్ ట్యూబు మీద స్కెచ్ పెన్‌తో 'ఎస్1, ఎస్2, ఎస్2 కొత్తది'. ఫారంలో 'మార్ఫాలజీ చూడాలి' అని ఒక్క ముక్క. అది పాలిమరా, ఆక్సైడా, తడిగా ఉందా, అయస్కాంతానికి అంటుకుంటుందా, ఏమీ ఉండదు. నేను నాలుగు చోట్ల ఫోకస్ చేసి, బాగున్న నాలుగు ఫోటోలు తీసి పంపేస్తాను. మీరు వాటిని పేపర్లో వేస్తారు. అక్కడ చూడాల్సింది దారం మీద చిన్న చిన్న పూసల్లాంటి ఉబ్బులేమో, రేణువులు గుంపు కట్టిన చోటేమో నాకెలా తెలుస్తుంది? స్టూడెంట్ పక్కన కూర్చుంటే, 'మేడమ్, అటు పక్కకు జరపండి, అదే' అంటాడు. ఆ అరగంటలో వాడు నేర్చుకునేది ఏ వెబినార్‌లోనూ దొరకదు.

ఇంకో సంగతి. పీవీడీఎఫ్ దారాలకు కరెంటు ప్రవహించే గుణం లేదు. పూత వేయకుండా పెడితే చార్జ్ అయిపోయి తెర మీద తెల్లగా మెరుస్తుంది తప్ప ఏమీ కనపడదు. సన్నగా గోల్డ్ కోటింగ్ వేసి, వోల్టేజ్ 5 కేవీ దాటకుండా చూడాలి. ఎక్కువ పెడితే దారం కళ్లముందే కరిగి వంకర పోతుంది. ఈ మాట కూడా ఫారంలో ఎవరూ రాయరు.

దూరం అనుకుంటే సైఫ్ కేంద్రాలు ఉన్నాయి, బయటివాళ్లూ పెద్ద పరికరాలు వాడుకునేచోట్లు. ఐఐటీ మద్రాస్, కొచ్చి, ధార్వాడ్ మీకు దగ్గర. 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో, స్లాట్ ధర ఎంతో చూసుకోవచ్చు. బుక్ చేసే ముందు అక్కడి ఆపరేటర్‌కి ఒక ఫోన్ చేయండి. పోర్టల్‌లో 'పనిచేస్తోంది' అని ఉన్నదల్లా ఆ రోజు పనిచేస్తూ ఉండాలని ఏమీ లేదు.

హనుమకొండ_స్కాలర్

మేడమ్, 'ఎస్2 కొత్తది' రాసినవాళ్లలో మా ల్యాబ్ కూడా ఉండొచ్చు 🙏

ఇథాకా_పోస్ట్‌డాక్

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్నాను, సొంతూరు తెనాలి దగ్గర. ఎస్ఈఎం_గది మేడమ్ చెప్పింది ఇక్కడ వ్యవస్థలాగే నడుస్తుంది. కార్నెల్‌లో 1977లోనే జాతీయ స్థాయిలో అందరూ వాడుకునే మైక్రో ఫ్యాబ్రికేషన్ కేంద్రం పెట్టారు. 2015లో ఎన్ఎస్ఎఫ్ (అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్) వాళ్లు ఇలాంటి 16 కేంద్రాలను ఎన్ఎన్‌సీఐ పేరుతో ఒక గొలుసుగా కట్టారు. బయటి కాలేజీ విద్యార్థి వస్తాడు, ట్రెయినింగ్ తీసుకుంటాడు, గంటకింత అని కట్టి మిషన్ తానే నడుపుతాడు. రాత్రి రెండింటికి కూడా. స్టాఫ్ ఉన్నది సాంపిల్ చూసిపెట్టడానికి కాదు, నేర్పడానికి. మిషన్లు మనకీ ఉన్నాయి. నేర్పడమే ఉద్యోగంగా ఉన్న మనుషులు తక్కువ.

అసలు విషయానికి వస్తాను, ఇది కొంచెం ఇబ్బంది పెట్టే మాట. సార్, మీ డివైస్‌ని వేలితో తడితే ఎన్ని వోల్టులు వస్తోంది? దేంతో కొలుస్తున్నారు?

సీమ_ఫిజిక్స్

ఓసిల్లోస్కోప్‌తో. జింక్ ఆక్సైడ్ కలపని దానికి 2 వోల్టుల లోపు, కలిపిన దానికి దాదాపు 9. ఎఫ్‌టీఐఆర్‌లో 840 దగ్గర, 1275 దగ్గర బీటా ఫేజ్ (పీజో గుణం ఎక్కువున్న స్ఫటిక రూపం) పీకులు బాగా పెరిగాయి, 763 దగ్గర ఆల్ఫా (ఆ గుణం లేని రూపం) పీకు తగ్గింది. రేణువుల వల్ల బీటా పెరిగింది, దానివల్ల వోల్టేజ్ పెరిగింది అని రాసుకున్నాం.

ఇథాకా_పోస్ట్‌డాక్

ఎఫ్‌టీఐఆర్ బాగుంది. 1275 పీకు ఉంది కాబట్టి బీటా అని గట్టిగానే అనొచ్చు. 840 ఒక్కటే ఉంటే గామా అనే ఇంకో స్ఫటిక రూపంతో కలగాపులగం అవుతుంది.

వోల్టేజ్ దగ్గర నాకు అనుమానం. వేలితో తట్టినప్పుడు వేలికీ, పైపొరకూ మధ్య రాపిడి విద్యుత్ పుడుతుంది, ట్రైబో. పీవీడీఎఫ్‌లో ఫ్లోరిన్ ఉంటుంది కాబట్టి అది చార్జ్‌ని గట్టిగా లాగేసుకుంటుంది. మీ 9 వోల్టుల్లో పీజో ఎంత, ట్రైబో ఎంత? ఈ రంగంలో అచ్చయిన చాలా పెద్ద అంకెల వెనుక ఉన్నది ఇదే. వైర్లు తిరగేస్తే సిగ్నల్ తలకిందులు అయింది, కాబట్టి పీజోనే అని కొందరు రాస్తారు. ట్రైబో సిగ్నల్ కూడా తలకిందులు అవుతుంది, అది రుజువు కాదు.

ఏం చేయొచ్చంటే, డివైస్‌ని రెండు పక్కలా పూర్తిగా అతికించి గాలి ఖాళీలు లేకుండా చేయండి, పైన ఎర్త్ చేసిన షీల్డ్ పెట్టండి. బీటా లేని సాధారణ పాలిమర్‌తో అచ్చం అలాంటిదే ఒక డమ్మీ చేసి, దానికీ అదే దెబ్బ కొట్టండి. డమ్మీకి కూడా 5 వోల్టులు వస్తే మీ కథ మారిపోతుంది. స్కోపు ప్రోబు 1 మెగాఓమా, 10 మెగాఓమా అన్నది కూడా రాయాలి, దాన్ని బట్టే అంకె మారుతుంది. వోల్టేజ్ కన్నా చార్జ్ కొలవడం మంచిది. డీ33 మీటర్ ఉన్న ల్యాబ్ ఒకటి పట్టుకోండి. పీవీడీఎఫ్‌కి సుమారు 20, 30 పికోకూలంబ్ పర్ న్యూటన్ దాకా సహజం. పీజెడ్‌టీ అనే బలమైన పీజో సెరామిక్‌లా వందల్లో వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే.

సీమ_ఫిజిక్స్

డమ్మీ ఆలోచన మాకు రాలేదు. పేపర్ ఇంకా పంపలేదు, అదే నయం. డీ33 మీటర్ ఎవరి దగ్గరుంది?

కంచన్‌బాగ్_రిటైర్డ్

పీజో సెరామిక్స్ మీద పనిచేసే ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది. హైదరాబాద్‌లోనే వెతకండి. అడిగేటప్పుడు 'కొలాబరేషన్ కావాలి' అనకండి, ఎదుటివాళ్లు భయపడతారు. 'ఆరు పొరలు తెస్తాను, గంట సేపు మీటర్ కావాలి, ఫలితం మీకూ చూపిస్తాను' అనండి.

తిరుపతి_పీజీ_డాక్టర్

మెడిసిన్ వైపు నుంచి ఒక ప్రశ్న. పేషెంట్ నిలబడి ఉన్నప్పుడు కూడా ఒత్తిడి చూపిస్తుందా ఇది? మా ఓపీలో కూరగాయల బండి నడిపేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, హోటల్ సర్వర్లు వస్తారు. వాళ్లు నడిచేదానికన్నా నిలబడేది ఎక్కువ. స్పర్శ పోయి ఉంటుంది, స్పర్శ పరీక్షకు వాడే 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారం గుచ్చినా తెలియదు. చెప్పులో రాయి ఉన్నా సాయంత్రం దాకా తెలియని వాళ్లున్నారు.

ఇథాకా_పోస్ట్‌డాక్

చూపించదు డాక్టర్ గారూ. పీజో అనేది ఒత్తిడి మారుతున్నప్పుడే పలుకుతుంది. కాలు మోపగానే ఒక పల్స్, ఎత్తగానే ఇంకో పల్స్. మధ్యలో గంట నిలబడినా, పుట్టిన చార్జ్ సర్క్యూట్ గుండా కారిపోయి సున్నాకి వచ్చేస్తుంది. నిలబడిన ఒత్తిడి కావాలంటే కెపాసిటివ్ గానీ, ఒత్తిడికి రెసిస్టెన్స్ మారే పీజోరెసిస్టివ్ గానీ వాడాలి.

బ్యాక్‌బెంచ్_కెమిస్ట్రీ

అంటే ప్రాజెక్టు మొదలుకాకముందే అయిపోయిందా? 😄

తిరుపతి_పీజీ_డాక్టర్

అలా ఏమీ కాదు. నడకలో పడే గరిష్ఠ ఒత్తిడి కూడా మాకు ముఖ్యమే. పుండు మానినవాళ్లకు మళ్లీ రాకుండా చెప్పు తయారుచేసేటప్పుడు, చెప్పు లోపల గరిష్ఠ ఒత్తిడి 200 కిలోపాస్కల్ లోపు ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. మీ పొర ఆ 200కి అటూఇటూ నమ్మకంగా తేడా చెప్పగలిగితే చాలు, కొత్త చెప్పు ఇచ్చిన రోజు పదడుగులు నడిపించి చూసుకోవచ్చు. విదేశీ ఇన్‌సోల్ సిస్టమ్‌లు ఉన్నాయి కానీ జిల్లా ఆసుపత్రి కొనే ధరలో లేవు.

ఇంకోటి. మనుషుల మీద పెట్టే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. మీరు ఇంజనీరింగ్ వాళ్లు 'ఊరికే చెప్పులో పెట్టి నడిపించడమేగా' అంటారు. కాదు. స్పర్శ లేని కాలి కింద మీ వైరు ఒరుసుకుని పుండు పడితే బాధ్యత ఎవరిది? మొదటి రోజు నుంచే మా వైపు ఒకర్ని కలుపుకోండి. చివర్లో 'క్లినికల్ డేటా కావాలి' అని వస్తే మేం చేయగలిగింది ఏమీ ఉండదు.

చర్లపల్లి_యూనిట్

నేను యూనివర్సిటీ మనిషిని కాదు. చిన్న సెన్సార్ యూనిట్ ఉంది. ప్రొఫెసర్లు మా దగ్గరికి వచ్చేది ప్రాజెక్టు అప్లికేషన్‌లో 'ఇండస్ట్రీ పార్ట్‌నర్' అన్న గడి నింపడానికి. లెటర్‌హెడ్ మీద సంతకం అడుగుతారు, తర్వాత కనపడరు.

నాకు కావాల్సింది చాలా చిన్నది. ఒక్క అద్భుతమైన డివైస్ వద్దు. ఒకేలాంటివి వంద ఇవ్వండి. వందలో ఎన్ని ఒకే రీడింగ్ ఇస్తాయి? జూన్‌లో చేసినదీ, జనవరిలో చేసినదీ ఒకటేనా? ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో గాలిలో తేమ మారితే దారం మారిపోతుందని నాకు తెలుసు, చేతులు కాల్చుకున్నాను. ఈ లెక్క ఏ పేపర్లోనూ ఉండదు. ఇది చేసి తెస్తే, సంతకం కాదు, డబ్బే పెడతాను.

పేటెంట్ ఆలోచన ఉంటే కాన్ఫరెన్స్ పోస్టర్ కంటే ముందే అప్లికేషన్ పడాలి. బయటపెట్టాక కొత్తదనం పోయిందంటారు. విద్యాసంస్థలకు 2021 నుంచి పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది, అది వాడుకోండి.

ల్యాబ్_నంబర్_7

అన్నీ బాగున్నాయి. మరి పేపర్ మీద పేర్ల సంగతి ఎవరూ ఎత్తరేం?

నా సొంత అనుభవం. ఒక పెద్ద సంస్థలో మూడు వారాలు ఉండి టీఈఎం, ఎక్స్‌పీఎస్ డేటా తీశాను. సాంపిల్ నాది, ఫిట్టింగ్ నాది. ఏడాది తర్వాత ఆ డేటా వాళ్ల పేపర్లో కనిపించింది, కృతజ్ఞతల్లో కూడా నా పేరు లేదు. మా గైడ్‌ని అడిగితే 'పెద్దవాళ్లతో గొడవ ఎందుకమ్మా, మళ్లీ అవసరం పడుతుంది' అన్నారు. స్టేట్ యూనివర్సిటీ స్కాలర్ అంటే సాంపిల్ మోసుకొచ్చే మనిషి అన్న చూపు ఒకటి ఉంటుంది. అది ఉన్నంతకాలం మీరు హబ్ (పెద్ద సంస్థ) అనండి, స్పోక్ (దాని కింది చిన్న సంస్థ) అనండి, నాకేం తేడా లేదు.

ఎస్ఈఎం_గది

ల్యాబ్_నంబర్_7, నువ్వు చెప్పింది చాలాసార్లు చూశాను. టెక్నికల్ స్టాఫ్‌ది కూడా అదే గతి, మా పేర్లు ఎప్పుడో గానీ ఉండవు.

కంచన్‌బాగ్_రిటైర్డ్

అమ్మా, మీ గైడ్ అన్న మాట తప్పు. కానీ ఆ మాట ఎందుకు వస్తుందో నాకు తెలుసు. రాతపూర్వకంగా ఏమీ లేనప్పుడు చిన్నవాడు ఏం అడిగినా గొడవ లాగే కనిపిస్తుంది. పని మొదలుకాకముందే ఒక్క పేజీ ఈమెయిల్ రాయించుకోవాలి. ఎవరు ఏం చేస్తారు, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరి థీసిస్‌లో ఏ అధ్యాయం, మొదటి పేరు ఎవరిది, ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఏంటి. జర్నల్స్ ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ అని 14 రకాల పాత్రల జాబితా అడుగుతున్నాయి కదా, దాన్నే ముందుగా నింపి అటువైపు పంపండి. 'సరే' అని ఒక్క జవాబు వచ్చినా చాలు. ఎంఓయూ మీద రిజిస్ట్రార్ల సంతకాలు ఉంటాయి, ఈ పేజీ మీద పని చేసేవాళ్లవి ఉంటాయి.

ల్యాబ్_నంబర్_7

జవాబు రాకపోతే?

కంచన్‌బాగ్_రిటైర్డ్

వాళ్లతో పని పెట్టుకోకు.

ల్యాబ్_నంబర్_7

రిటైర్ అయ్యాక అనడం తేలిక సార్. నాకు ఫెలోషిప్ ఇంకో ఏడాదే ఉంది.

ఫైళ్ల_మనిషి

ఒక యూనివర్సిటీలో ఆర్ అండ్ డీ సెల్‌లో పనిచేస్తాను. పై వాదనలోకి వెళ్లను, డబ్బు సంగతి చెప్తాను.

ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లకు ఎస్ఈఆర్‌బీ (పరిశోధనకు గ్రాంట్లు ఇచ్చిన కేంద్ర సంస్థ) కాలం నుంచీ టేర్ అని ఒక స్కీమ్ ఉంది. స్టేట్ యూనివర్సిటీ, ప్రైవేట్ కాలేజీ రెగ్యులర్ అధ్యాపకులకు. మూడేళ్లపాటు, ఏటా కనీసం 90 రోజులు ఒక ఐఐటీలోనో, జాతీయ ల్యాబ్‌లోనో పనిచేయాలి. ఏటా 5 లక్షల రీసెర్చ్ గ్రాంట్, సగం మీ సంస్థకు, సగం అక్కడికి. డబ్బు చిన్నదే కానీ మనిషి అక్కడ కూర్చోవడానికి కాగితం దొరుకుతుంది. అంతకన్నా పెద్దది కావాలంటే ష్యూర్, స్టేట్ యూనివర్సిటీల కోసమే పెట్టారు, 30 లక్షల దాకా. ఎస్ఈఆర్‌బీ ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్ అనే జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో కలిసింది. కొత్త కాల్ ఉందా లేదా అన్నది సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మొద్దు.

ఏఎన్ఆర్ఎఫ్ వాళ్లదే పెయిర్ అని ఇంకోటి ఉంది. ఒక పెద్ద సంస్థ హబ్, దాని కింద ఏడు దాకా స్పోక్ సంస్థలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా హబ్‌గా ఎంపికైంది. ఇది అధ్యాపకుడు ఒక్కడూ వేసుకునేది కాదు, యూనివర్సిటీ మొత్తం కదలాలి. మీ ఎంఓయూల ఉత్సాహాన్ని అటువైపు మళ్లించమని పైవాళ్లకు చెప్పి చూడండి.

ఇండోర్‌లో ఉన్న యూజీసీ-డీఏఈ సీఎస్ఆర్ అనే పరిశోధన కేంద్రాన్ని మన వాళ్లు చాలామంది మర్చిపోతారు. అది పుట్టిందే యూనివర్సిటీల వాళ్ల కోసం. ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్-రేలు ఇచ్చే పెద్ద యంత్రం) దాకా దారి దొరుకుతుంది, ప్రాజెక్టులో ఉన్న స్కాలర్‌కి ప్రయాణ ఖర్చు కూడా ఇస్తారు.

ఇక గైడ్‌లకు నా విన్నపం. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, గ్రాంట్ ఖర్చు లెక్క) మార్చి 31న రాత్రి పదింటికి అడగొద్దు. ఉమ్మడి ప్రాజెక్టులో ఒక సంస్థ యూసీ ఆగితే రెండో సంస్థకు కూడా తర్వాతి విడత రాదు. సైన్సులో గొడవపడి విడిపోయిన జంటలను నేను పెద్దగా చూడలేదు. యూసీ దగ్గర విడిపోయినవాళ్లను మాత్రం చూశాను. పరికరం కొనేటప్పుడు ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం), యూపీఎస్, ఏసీ కూడా బడ్జెట్‌లో రాయండి. ఇవి లేకుండా కొన్న కోటి రూపాయల మిషన్ మీద దుమ్ము గుడ్డ కప్పి ఉంచిన గది ఏ యూనివర్సిటీలో లేదు చెప్పండి.

బ్యాక్‌బెంచ్_కెమిస్ట్రీ

మొదట ఎగతాళిగా రాశాను కానీ థ్రెడ్ బాగా నడిచింది. ఒక సహాయం నేను చేయగలను. సీమ_ఫిజిక్స్ గారూ, జింక్ ఆక్సైడ్ రేణువులు ఏ సైజు, ఏ ఆకారం? కొన్న పౌడర్ అయితే బ్యాచ్‌కి బ్యాచ్‌కి మారుతుంది, చర్లపల్లి ఆయన అడిగిన వంద డివైస్‌ల లెక్క అక్కడే పోతుంది. మా దగ్గర ఆకు రసం లేకుండానే ఒకే సైజులో నానోరాడ్‌లు చేస్తాం. ఒక పెద్ద బ్యాచ్ చేసి ఇస్తాను, ఏడాది దాన్నే వాడండి. పేర్ల సంగతి పైన సార్ చెప్పిన పేజీలో రాసుకుందాం. పాలిమర్‌ని కరిగించే డీఎంఎఫ్ మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే వాడించండి, మీ స్కాలర్లలో అమ్మాయిలు ఉంటే మరీ జాగ్రత్త. గర్భస్థ శిశువుకు హాని చేసే సాల్వెంట్ అది.

సీమ_ఫిజిక్స్

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం చేసినవి రాస్తున్నాను.

డమ్మీ చేశాం. మామూలు పాలీస్టైరీన్ పొర, అదే ఎలక్ట్రోడ్, అదే సైజు. వేలితో తడితే దానికీ 4 వోల్టుల పైనే వచ్చింది. కాబట్టి పాత గ్రాఫులన్నీ పక్కన పెట్టేశాం. అతికించి, షీల్డ్ వేసి, చిన్న బరువు పడేసే ఏర్పాటుతో మళ్లీ కొలుస్తున్నాం. ఇప్పుడు డమ్మీ దాదాపు మూగబోయింది, మా పొర ఇంకా పలుకుతోంది. అంకె చిన్నదే కానీ నమ్మొచ్చు.

ప్రశ్న కూడా మార్చుకున్నాం. నిలబడిన ఒత్తిడి జోలికి పోం. నడకలో 200 కిలోపాస్కల్ దాటిందా లేదా, అంతే. మా ఊరి మెడికల్ కాలేజీలో సర్జరీ మేడమ్ ఒకరు ఒప్పుకున్నారు, ఎథిక్స్ ఫారం ఆవిడే రాస్తానన్నారు. నానోరాడ్‌లు బ్యాక్‌బెంచ్ గారి దగ్గర్నుంచి తీసుకుంటాం, ఆ ఒక్క పేజీ ఈమెయిల్ వెళ్లింది, జవాబు కూడా వచ్చింది. స్కాలర్లలో ఒకమ్మాయి ఐఎన్‌యూపీకి, నేను టేర్‌కి. ఎంఓయూల ఫైలు గురించి పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

ఎస్ఈఎం_గది మేడమ్, వచ్చే నెల ఆ అమ్మాయిని మీ దగ్గరికి పంపొచ్చా? రేణువులు దారం లోపల సమంగా ఉన్నాయా అన్నది చూడాలి, జింక్ ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపింగ్ కూడా. పొరలు గ్లాస్ స్లైడ్ మీద ఉన్నాయి.

ఎస్ఈఎం_గది

పంపండి, ఐ-స్టెమ్‌లో స్లాట్ వేయమనండి, మధ్యాహ్నం స్లాట్ తీసుకుంటే నేనే ఉంటాను. గ్లాస్ స్లైడ్ మాత్రం వద్దు. మ్యాపింగ్‌లో మూలకాన్ని దాని ఎక్స్-రే లైన్‌తో గుర్తుపడతాం; 5 కేవీలో జింక్ కె లైన్ లేవదు, 8.6 కేఈవీ దగ్గర ఉంటుంది కాబట్టి. ఎల్ లైన్‌తోనే చూడాలి, అది 1.01 దగ్గర. గాజులో ఉన్న సోడియం లైన్ 1.04. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మ్యాప్‌లో జింక్ అందంగా అంతటా పరుచుకున్నట్టు కనిపిస్తుంది, చూపిస్తున్నది గాజుని. అల్యూమినియం ఫాయిల్ మీదో, సిలికాన్ ముక్క మీదో తీయించండి. జింక్ కలపని పొర కూడా ఒకటి తేవాలి, పక్కపక్కన పెట్టి చూద్దాం. లేబుల్ మీద తేదీ, కలిపిన శాతం, తేమ ఎంతున్న రోజు చేశారో రాయమనండి. 'కొత్తది' అని రాస్తే వెనక్కి పంపిస్తాను.